పైన, నడుమ, అడుగున

మామ్మగారు పోయారని వాళ్ళ పక్కషాపు మస్తాన్ గారు ఫోన్ చేసినప్పుడు నేను ల్యాబులో సోయాపిండి పరీక్ష చేస్తున్నాను. అయ్యో అనాలి. ఎప్పుడు, ఎలా అని అడగాలి. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "మీకెవరు చెప్పారండీ?"

నవ్వో ఏడుపో తెలియని గొంతుతో మస్తాన్ గారు, "ఆవిడ వెళ్ళినా ఆవిడ జబ్బు మిమ్మల్ని వదల్లేదు బాబూ" అన్నారు. "గూడెం నుంచి ఆవిడ కొడుకే చేశారండీ. ఆవిడ తమ్ముడుగారింటికి వెళ్ళారు కదా, అక్కడే జ్వరం తగిలిందంట."

ఆవిడ జబ్బు అనుమానం. దానికి మందు లేదు. ఆవిడ అసలు జబ్బుకి మందుంది, కానీ దాని దాకా రావడానికి చాలా దూరం నడవాలి. అదే చెబుతాను.

ఏలూరు వన్‌టౌన్‌లో వాళ్ళది పప్పుల కొట్టు. కొట్టు వెనక ఇల్లు, ఇంటి మీద ఒక గది. దెందులూరు దగ్గర హైవే పక్కనున్న చేపల మేత ఫ్యాక్టరీలో నాణ్యత చూసే ఉద్యోగం వచ్చాక, ఆ గది కోసం వెళ్ళాను. మామ్మగారు గల్లాపెట్టె వెనక కాదు, బస్తాల మధ్య చిన్న ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నారు. చేతిలో మొనదేరిన పొడవాటి ఇనుప గొట్టం. దాన్ని బస్తా పక్కన పొడిస్తే లోపలి గింజ గొట్టంలోంచి అరచేతిలోకి జారుతుంది. కొట్టుకి ఏ బస్తా వచ్చినా ఆవిడ మూతి విప్పి చూసేవారు కాదు. పైన ఒకసారి, నడుమ ఒకసారి, అడుగున ఒకసారి పొడిచేవారు. ఆ మూడు పిడికిళ్ళనీ పళ్ళెంలో పక్కపక్కన పోసి, వెలుగులోకి తిప్పి చూసేవారు.

"మూతి దగ్గర అందరూ మంచి సరుకే పోస్తారు" అనేవారు.

మనుషుల్ని కూడా అలాగే పొడుస్తారని ఆరోజే తెలిసింది. నేను నిలబడగానే మొదటి ప్రశ్న, "చేపలు తింటావా?"

"ఈ ఇంట్లో తిననండీ."

తర్వాత మా ఊరు కామవరపుకోట గురించి, వేరుశనగ గురించి, మెట్ట నేలల గురించి చాలాసేపు మాట్లాడి, మధ్యలో, "మీ ఇంట్లో ఆదివారం ఏం వండుతారు?" అన్నారు.

"కోడికూరండీ."

గది చూసి మెట్లు దిగుతుంటే వెనక నుంచి, ఏదో గుర్తొచ్చినట్టు, "కొల్లేరు వెళ్తుంటావుగా, అక్కడ ఏ చేప రుచి?"

"కొరమీనండీ."

ఆవిడ కోడలు గుమ్మంలో నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నా పని అయిపోయిందనుకున్నాను. మామ్మగారు పీట మీద నుంచే, "మూడూ కలిశాయి. సామాను తెచ్చుకో" అన్నారు. "సాయంత్రం వచ్చాక పెరట్లో కుళాయి దగ్గర స్నానం చేసి పైకెళ్ళు. నీ దగ్గర చేపనూనె వాసనొస్తోంది."

ఆవిడ మానేసిన వాటి జాబితా నాకు కంఠతా వచ్చేసింది. ప్యాకెట్ పసుపు, ప్యాకెట్ కారం. బజారు నెయ్యి. మైనం మెరుపున్న ఆపిల్ పళ్ళు. సీసాల్లో అమ్మే నీళ్ళు. ఇంటికి గేదెని తోలుకొచ్చి ఎదురుగా పితికిచ్చే ఆయన మంచం పట్టాక, ఆఖరికి పాలు కూడా. పాలతోపాటు పెరుగు, మజ్జిగ, ఇంటి వెన్న. నగరాల్లో ఈమధ్య కొంతమంది పాలు కూడా ముట్టకుండా మొక్కల నుంచి వచ్చిందే తింటున్నారు. వాళ్ళకి దాని వెనక జీవకారుణ్యమో ఆరోగ్యమో ఒక సిద్ధాంతం ఉంటుంది. మామ్మగారు అదే భోజనానికి అనుమానం దారిలో చేరుకున్నారు.

పాల విషయంలో నేనొకసారి జోక్యం చేసుకున్నాను. వాళ్ళింటికి వచ్చే పాలలో యూరియా కలుపుతున్నారని ఆవిడ అనుమానం. సోయాగింజల పొడి కాస్త పాలలో కలిపి, కొంచెం ఆగి ఎర్ర లిట్మస్ కాగితం ముంచితే, యూరియా కలిపి ఉన్నప్పుడు కాగితం నీలంగా మారుతుంది. సోయాపొడి, కాగితాలు ల్యాబు నుంచి తెచ్చి ఆవిడ ఎదుటే పరీక్ష చేశాను. కాగితం మారలేదు. ఆవిడ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇవాళ్టి పాలు సరే. రేపటివి?"

"రేపు మళ్ళీ చేద్దామండీ."

"రోజూ పరీక్ష చేసి తాగాల్సిన పాలు తాగడం ఎందుకు బాబూ" అని కాగితం నా చేతిలో పెట్టేశారు. ఆవిడ చూపు అప్పటికే సోయాపొడి మీద ఉంది. "ఇదేం గింజ?" అన్నారు. కొట్లో ఆవిడ అమ్మని గింజ అదొక్కటే.

పాలు మానేసినవాళ్ళకి మాంసకృత్తులు దొరికే గింజల్లో ఇది ముఖ్యమైనదని చెప్పాను. ఆవిడకి నచ్చలేదు. "ఇది మీ చేపల మేత కదా. లారీల మీద కొల్లేటికోట వెళ్తుంటే చూశాను."

"గింజలో నూనె తీసేశాక మిగిలిన పిండి మేతకి వెళ్తుందండీ. గింజ మనుషులూ తింటారు."

"అంటే కొల్లేట్లో చేపా నేనూ ఒకే పంక్తిలో కూర్చున్నామన్నమాట." కాసేపు ఆలోచించి, "బాగా మేపి, ఎప్పుడు పడతారేంటి నన్ను?" అన్నారు.

అయినా గింజ తెప్పించారు. మూడుచోట్ల పొడిచారు. ఏరి, నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, వడగట్టి, పాలు తీశారు. సరిగ్గా మరగకపోతే అరగదని నేను చెప్పినందుకు, మరిగించిన గ్లాసు పట్టుకుని నా గది మెట్ల కింద నిలబడి, "మీ చేపలకి చేసే పరీక్ష నాకూ చెయ్యి" అన్నారు. చేశాను. మేతకి వచ్చే సోయాపిండి సరిగ్గా ఉడికిందో లేదో తేల్చే పరీక్షే అది. ఆ తర్వాత ఆ పాలు తాగని రోజు లేదు.

మీల్‌మేకర్ దగ్గర మాత్రం ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. కోడలు ఒక ప్యాకెట్ తెచ్చి, వేడినీళ్ళలో నానేసి, నీళ్ళు పిండేసి, ఉల్లిపాయతో కూర చేసింది. కోడలిది గూడెం టౌను, హాస్టల్లో ఉండి చదువుకుంది, సరదాగా మాట్లాడుతుంది. నాకూ ఒక గిన్నెలో పంపిస్తూ మామ్మగారితో, "తినండత్తయ్యా, అచ్చం మాంసంలాగే ఉంటుంది" అంది.

మామ్మగారి చెయ్యి కంచంలో ఆగిపోయింది. "మాంసం ఎలా ఉంటుందో నీకెలా తెలుసు?"

"అంటారు కదండీ అందరూ."

"అందరూ అన్నది చెప్పలేదు నువ్వు. అచ్చం అన్నావు."

ఆ ఒక్క మాట ఆ ఇంట్లో చాలాకాలం తిరిగింది. మామ్మగారు ఆ ప్రశ్నని పైన, నడుమ, అడుగున కూడా వేశారు. ఉప్మా తింటూ ఒకసారి, గుడికి వెళ్తూ ఒకసారి, పప్పు ఏరుతూ ఒకసారి, "మీ హాస్టల్లో ఆదివారం ఏం వండేవారు?" అని. కోడలు ప్రతిసారీ ఒకే జవాబు చెప్పింది. అయినా మూడూ కలిశాయి అన్న మాట మామ్మగారి నోట రాలేదు.

మీల్‌మేకర్ సంగతి నన్ను అడిగారు. సోయాపిండినే నీళ్ళతో కలిపి, వేడి మిషన్లో గట్టిగా నొక్కి, సన్నటి కన్నంలోంచి బయటికి తోస్తే గుల్లగా పొంగుతుందని చెప్పాను.

"నువ్వు చూశావా?"

ఇది ఆవిడ ఊతపదం. పప్పుల బ్రోకరునైనా, పూజారినైనా, వార్తలు చదివి చెప్పే కొడుకునైనా ఇదే అడిగేవారు. చాలామంది చూశామనేవారు. తర్వాత ఎక్కడ, ఏ వేళప్పుడు, పక్కన ఎవరున్నారు అని ఆవిడ లోపలికి దిగేసరికి తడబడేవారు.

"చూశానండీ. చదువుకునేటప్పుడు శిక్షణకి పంపిన చోట."

ఎక్కడ, ఎవరితో, మిషన్ ఏ రంగు అని అడిగారు. చెప్పాను. మర్నాడు మళ్ళీ మిషన్ రంగు అడిగారు. ఆ తర్వాత మీల్‌మేకర్ తినడం మొదలుపెట్టారు. కోడలు వండినదే, నేను చూశానన్న ధైర్యంతో. అది ఆ కోడలికి ఎంత కష్టంగా ఉండేదో ఆవిడ గరిటె గిన్నెకి కొట్టే తీరులో తెలిసేది.

ఇంతలో కాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. బస్తాల మధ్య నుంచి లేవడానికి గొట్టాన్ని కర్రలా ఊతం పట్టుకునేవారు. ఇంటి గుమ్మం ఎక్కడానికి పక్క కాటాల రిపేరు షాపులోంచి మస్తాన్ గారు వచ్చి చెయ్యి ఇచ్చేవారు. రక్తపరీక్ష చేయిస్తే విటమిన్ డి బాగా తక్కువుందన్నారు. ఆశ్చర్యం లేదు. పాలు లేవు. తెల్లారినప్పటి నుంచి దీపాలు పెట్టేదాకా బస్తాల చీకటి. ఎండ ఆ కొట్లోకి రాదు. ఇలాగే వదిలేస్తే ఎముకలు మెత్తబడతాయి, పడితే విరుగుతాయి అని డాక్టరుగారు కొడుకుతో గట్టిగానే చెప్పారు. పీట మీద నుంచి ఆవిడ లేవలేని రోజు వస్తుందన్న భయం ఆ ఇంట్లో అందరికీ పట్టుకుంది. డాక్టరుగారు వారానికొకటి మింగమని బిళ్ళలు రాశారు. ఎండలో కూడా కాసేపు కూర్చోమన్నారు.

మందుల షాపులో ఆరోజు నేనున్నాను, మస్తాన్ గారున్నారు. ఆయనకీ అదే మందు రాశారు. షాపతను రెండు అట్టలు బల్ల మీద పెట్టాడు. తేనెరంగు బిళ్ళలు, వేలితో నొక్కితే మెత్తగా లొంగుతాయి. మామ్మగారు ఒకదాన్ని నొక్కి, "ఈ తోలు దేంతో చేశారు?" అన్నారు.

"అంతా వెజ్జేనండీ."

"నువ్వు చూశావా?"

షాపతను నా వైపు చూశాడు. నేను అట్టపెట్టె వెనక చిన్న అక్షరాలు చదివాను. "పైపొర జెలటిన్ అండీ. జంతువుల తోలు, ఎముకల నుంచి తీస్తారు. లోపలి మందు ఎక్కువగా గొర్రె ఉన్నికి ఉండే జిడ్డులోంచి తీస్తారు."

"గొర్రెని చంపుతారా?"

"ఉన్ని కత్తిరిస్తారండీ, అంతే. కానీ పైపొర సంగతి అలా కాదు."

మస్తాన్ గారు తన అట్ట కూడా బల్ల మీద పెట్టేశారు. "ఏ జంతువుదో రాశారా బాబూ?"

"రాయలేదండీ."

"పందిదైతే నేను మింగను. ఏదైనా సరే ఈవిడ మింగరు" అన్నారు షాపతనితో. "మా ఇద్దరికీ కుదిరే జంతువుంటే చెప్పండి, ఇప్పుడే మింగేస్తాం."

మామ్మగారు నవ్వారు. బయటివాళ్ళ ఎదుట ఆవిడ నవ్వగా చూడటం నాకదే మొదటిసారి. ఇద్దరూ అట్టలు వదిలేసి, ఒకరి భుజం ఒకరు పట్టుకున్నట్టే దగ్గరగా నడుచుకుంటూ ఎవరి కొట్లోకి వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ అట్టల్లో ఒకటి తర్వాత మామ్మగారి కొడుకు వెళ్ళి తెచ్చుకున్నాడని నాకు అప్పుడు తెలియదు.

"బిళ్ళ చిదిమి పచ్చట్లో కలిపేద్దామండీ. రుచి తెలియదు కదా?" అని ఆయన నన్ను అడిగాడు. తల్లి కాళ్ళ గురించిన భయం ముఖంలో కనిపిస్తూనే ఉంది.

"రుచి తెలియదండీ. ఆవిడకి తెలుస్తుంది. తెలిస్తే ఇక ఈ వంటింట్లో తినరు. వద్దండీ" అన్నాను.

అయినా కలిపారు. గోంగూర పచ్చట్లో కలిపింది కోడలు. మామ్మగారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, పచ్చడి వైపు కాదు, కోడలి వైపు చూశారట. "నేను తింటుంటే నువ్వు నా నోరు చూస్తున్నావేం?"

అంతే. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. ఆవిడ చెయ్యి కడుక్కుని లేచారు. ఆ రోజు నుంచి కొట్టు వెనక సామాను గదిలో చిన్న కరెంటు పొయ్యి పెట్టుకుని, తన సోయాగింజలు తనే ఉడకబెట్టుకున్నారు. వంగలేరు, నిలబడలేరు. అయినా ఎవరినీ ఆ గిన్నె ముట్టుకోనివ్వలేదు. కోడలు వంటింట్లో మామ్మగారి కంచాన్ని రోజూ కడిగి, రోజూ బోర్లించి పెట్టేది.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం, మోకాళ్ళు పట్టుకుని మెట్టు మెట్టుకీ ఆగుతూ నా గదికి వచ్చారు. "నువ్వు వద్దన్నావటగా. అది నాకు నా కోడలే చెప్పింది" అన్నారు. కూర్చున్నాక, "వేరే ఏదైనా ఉందా?" అని అడిగారు.

అప్పటికే నేను వెతికి తెప్పించాను. బిళ్ళ కాదు, నూనెలో చుక్కలు. పైపొర గొడవ లేదు. డాక్టరుగారికి చూపించి, ఎంత వెయ్యాలో రాయించుకుని వచ్చాను. ట్యూబులైట్ల కింద పనిచేసే నాకు కూడా డి తక్కువే ఉందని తేలింది కాబట్టి నాకోసం ఇంకో సీసా ఉంది. మామ్మగారు సీసా తిప్పారు. చదరపు గడిలో ఆకుపచ్చ చుక్క.

"ఈ చుక్క ఎవరు పెట్టారు?"

"కంపెనీవాళ్ళేనండీ. పెట్టాలని రూలుంది."

"వాళ్ళ సరుక్కి వాళ్ళే చుక్క పెట్టుకున్నారా?" సీసా కింద పెట్టారు. "లోపలి మందు దేంట్లోంచి?"

"రాళ్ళ మీద, చెట్ల బెరడు మీద పెరిగే ఒకరకం నాచులోంచని రాశారండీ. మీరు కొట్లో అమ్మే రాతిపువ్వు లేదూ, ఆ జాతిది."

ముఖం కాస్త వెలిగింది. రాతిపువ్వు ఆవిడకి తెలుసు. బిర్యానీ వండేవాళ్ళు కొనుక్కుంటారని మూత బిగువున్న డబ్బాలో ఉంచేవారు. ఎండిన పువ్వులా ఉన్నా పువ్వు కాదని, పొడిబండ మీద వానకి లేస్తుందని కొనేవాళ్ళకి తనే చెప్పేవారు. దాని గురించి, డబ్బాలో పురుగు పట్టకుండా ఏం చెయ్యాలన్నదాని గురించి చాలాసేపు మాట్లాడారు. ఆ మాటల మధ్యలో, మామూలుగా, "ఆ నాచు ఏ దేశంలో ఏరతారు?" అన్నారు.

"రాయలేదండీ."

ఇంకాసేపు ఎండ గురించి, మస్తాన్ గారి మోకాళ్ళ గురించి. లేవబోతూ, గోడ పట్టుకుని నిలబడి, అడుగున పొడిచారు.

"ఇది నాచులోంచే తీశారని నువ్వు చూశావా?"

చూశానంటే తాగేస్తారని నాకు తెలుసు. మీల్‌మేకర్ అలాగే తిన్నారు. ఇంకెంతకాలం అలా నిలబడగలరో అనుకుంటే డాక్టరుగారి మాటలు గుర్తొచ్చాయి. ఒక్క మాటతో పనైపోతుంది.

"లేదండీ. చూడలేదు. రాసింది చదివాను, అంతే. అది నిజమో కాదో నాకు తెలియదు."

"ఈ మందు గురించి చూడలేదన్నవాడివి నువ్వొక్కడివే" అన్నారు. "ముందు నువ్వు వేసుకో."

చెంచాలో చుక్కలు వేసుకుని తాగాను. నాలుక చూపించమన్నారు. చూపించాను. అప్పుడు తన సీసా అందుకుని, చెంచాలో తన చుక్కలు వేసుకుని, దాన్ని ఒలక్కుండా పట్టుకుని గది బయటికి, తలుపు వెనక్కి వెళ్ళారు. "నేను నోట్లో ఏం పెట్టుకున్నా ఎవరూ చూడకూడదు" అన్నారు అక్కణ్ణుంచి. తిరిగొచ్చేసరికి చెంచా ఖాళీ.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం అదే తీరు. ముందు నేను, నా నాలుక, తర్వాత తలుపు వెనక ఆవిడ. మెట్లెక్కి వచ్చారు కాబట్టి డాబా మీద సోయాగింజలు ఆరబోసి, వాటి పక్కన కాళ్ళు చాపుకుని ఎండలో కూర్చునేవారు. ఎండాకాలం దాటేసరికి మెట్టు మెట్టుకీ ఆగడం తగ్గింది. రక్తపరీక్ష మళ్ళీ చేయించారు, రెండు వేర్వేరు ల్యాబుల్లో. రెండింటి అంకెలూ కలవలేదు, అందుకని రెండింటినీ నమ్మలేదు. కానీ రెండిట్లోనూ డి పెరిగింది. చుక్కల వల్లా, ఎండ వల్లా అంటే చెప్పలేను. రెండూ ఒకేసారి మొదలుపెడితే ఏది పనిచేసిందో తేల్చడం కుదరదని మొదటి సంవత్సరంలోనే నేర్పారు మాకు.

సామాను గదిలో పొయ్యి మాత్రం అలాగే ఉంది. ఆఖరిసారి గూడెం వెళ్ళేటప్పుడు కూడా తన గింజలు డబ్బాలో పెట్టుకుని, గొట్టాన్ని ఊతం పట్టుకోకుండా చంకలో పెట్టుకుని, ఆటో దాకా నడిచి వెళ్ళారని మస్తాన్ గారు చెప్పారు. ఆయన చూశారు.

పెద్దకర్మ భోజనాలకి వెళ్ళాను. ఆవిడ తినేవి వండాలి కదా అని మిగతావాటితోపాటు మీల్‌మేకర్ కూర కూడా చేశారు. పంక్తిలో మస్తాన్ గారి పక్కన కూర్చున్నాను. వంటవాళ్ళున్నా ఆ కూర మాత్రం కోడలే పట్టుకుని తిరిగింది. నా ఆకు దగ్గర వంగి, పక్కవాళ్ళకి వినిపించకుండా, "బాబూ, ఒక్క మాట" అంది. "ఆ చుక్కలు అత్తయ్యగారు నిజంగా వేసుకున్నారాండీ?"

ఎందుకు అడుగుతోందో నాకు తెలుసు. తన చేతి పచ్చడి వదిలేసి లేచిన మనిషి, నా చేతి సీసాని నమ్మిందా లేదా అన్నది కోడలికి కావాలి. రోజూ కడిగి బోర్లించిన కంచం తాలూకు ప్రశ్న అది.

"ప్రతివారం చెంచా పట్టుకెళ్ళేవారండీ."

"మీరు చూశారా?"

తలుపు గుర్తొచ్చింది. ఖాళీ చెంచా గుర్తొచ్చింది. తలుపు పక్కనే డాబా నీళ్ళు పోయే తూము ఉందన్నది కూడా, అన్ని నెలల్లో మొదటిసారి, అప్పుడే గుర్తొచ్చింది.

"లేదండీ" అన్నాను. "చూడలేదు."

కోడలు వంగినది వంగినట్టే ఉంది. గరిటె గిన్నెలో ఆగింది. నా ముఖంలోకి చూసింది. పైన, నడుమ, అడుగున.

తర్వాత, "ఇంకాస్త కూర వెయ్యమంటారాండీ?" అంది.